తాబేలు ముందు, మంట వెనక

ఒక పెద్ద అడవిలో నిదానప్ప అనే మెట్ట తాబేలుకు మంట ముందు నడిచే ఉద్యోగం ఉండేది.

నవ్వకండి. అది తాతముత్తాతల నాటి ఉద్యోగం. దానికి జీతం లేదు, సెలవుల్లేవు, కానీ మర్యాద మాత్రం ఉండేది.

ఆ అడవిలో ఎండాకాలం వచ్చిందంటే టేకాకులు అప్పడాల్లా ఎండిపోతాయి. బోదగడ్డి నిలువెత్తు పెరిగి, ఎండి పసుపుబారి, ఎప్పుడెప్పుడా అని చూస్తుంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, కొండకు కొండే అంటుకుంటుంది. అందుకని పూర్వీకులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మాఘమాసంలో, పొద్దున్నే, గడ్డి మీద మంచు ఆరకముందే వాళ్ళే ఒక చిన్న మంట పెట్టేవాళ్ళు. పశువుల కాపర్లు వదిలేసిపోయిన చలిమంట నుంచి నల్ల గద్ద ఒక కొరివి తెచ్చేది. అడవిపందులు మోరలతో నేల దున్ని, చుట్టూ మట్టి గీత గీసేవి. ఆ గీత లోపల రాలిన ఆకూ ఎండిన గడ్డీ మెల్లగా కాలిపోయేవి. ఒక ఏడు ఈ వాలు, మరో ఏడు ఆ వాలు. ఎండాకాలంలో నిజంగానే ఎక్కడో నిప్పు పుట్టినా, దానికి తినడానికేమీ దొరక్క ఆకలితో చచ్చేది. తాము పెట్టే ఆ చిన్న మంటను వాళ్ళు పిల్లమంట అనేవాళ్ళు.

పిల్లమంటకు ఒకటే సూత్రం. మంట ముందు తాబేలు నడవాలి. తాబేలు మంచుతడి గడ్డిలో తన మానాన తను నడుస్తుంటే, మంట వెనక వస్తుంది. మంట తాబేలును అందుకోలేకపోతే అది కాల్చడానికి మంచి రోజు. మంట వచ్చి తాబేలు మడమలకు తగిలితే గాలి ఎక్కువైందనో, గడ్డి మరీ ఎండిందనో అర్థం. తాబేలు "చాలప్పా!" అని ఒక్క కేక వేస్తే పందులు మట్టి ఎగజిమ్మి మంటను ఆర్పేసేవి. పంచాంగం చూసేవాళ్ళు లేరు, గాలిని కొలిచేవాళ్ళు లేరు. తాబేలు కాళ్ళే కొలత.

నిదానప్ప తండ్రి, తాత, ముత్తాత అందరూ మంట ముందు నడిచి, ముసలితనం వచ్చి, చల్లగా కన్నుమూసినవాళ్ళే.

తర్వాత ఆ అడవికి నాగరికత వచ్చింది. అంటే ఆఫీసు వచ్చింది.

మద్దిచెట్టు కింద ఆఫీసు. దానికి ప్రెసిడెంటు పెద్దపులి. అందరూ పెద్దాయన అంటారు. రోజుకు పద్దెనిమిది గంటలు నిద్రపోయి, మిగిలిన ఆరు గంటలూ ఆవులించేవాడు. కార్యదర్శి నక్క, జంబుకరావు. అతనికి రూల్సన్నీ కంఠతా వచ్చు. రూలు లేని చోట అప్పటికప్పుడు పుట్టించడం కూడా వచ్చు. ప్రచారశాఖ నెమలి శిఖామణిది. అగ్నిమాపక దళానికి అధిపతి కొండముచ్చు కొమ్మరాజు.

కొమ్మరాజు ఉద్యోగంలో చేరిన వారానికే పిల్లమంటను చూశాడు. చూసి చిటారుకొమ్మకు ఎగబాకాడు.

"ఏమిటీ అన్యాయం? ఆర్పడానికి నేనుండగా అంటించేది ఎవరు?" అని అక్కణ్ణుంచే కేకలు పెట్టాడు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. అడవిలో ఎవరూ, ఎప్పుడూ, ఏ కారణం చేతనూ నిప్పు పెట్టరాదు. చెట్టుకొక బోర్డు వేలాడింది: 'నిప్పులేని అడవి మన లక్ష్యం.' నిదానప్ప ఉద్యోగం పోయింది.

అదృష్టం కొద్దీ తొమ్మిదేళ్ళు ఆ అడవిలో రవ్వ కూడా పడలేదు. అదృష్టం అనేది అడవికి పట్టింది గానీ, పేరు మాత్రం కొమ్మరాజుకు వచ్చింది. ఏటేటా సభ పెట్టి అతనికి శాలువా కప్పేవాళ్ళు.

"మా దళం తొమ్మిదేళ్ళలో ఒక్క మంటను కూడా ఆర్పలేదు! ఆ అవసరమే రానివ్వలేదు!" అని కొమ్మరాజు తొమ్మిదో శాలువా కప్పుకుని గర్జించాడు. కొండముచ్చుకు గర్జన ఏమిటని అడగొద్దు. శాలువా కప్పితే వచ్చేస్తుంది.

నిదానప్ప ఆ తొమ్మిదేళ్ళను వేరేగా లెక్కపెట్టుకున్నాడు. మొదటి ఏడు రాలిన ఆకు అతని పాదాలు ముంచింది. మూడో ఏటికి కడుపుకు తగిలింది. ఆరో ఏటికి మెడదాకా వచ్చింది. తొమ్మిదో ఏటికి అతను నడుస్తుంటే అతనెవరికీ కనిపించేవాడు కాదు, ఆకులు మాత్రం గలగలమంటూ కదిలేవి.

"మామా, నువ్వేనా?" అని అడిగింది ఒకరోజు పూరేడు పిట్ట గింజమ్మ. పూరేళ్ళు చెట్టెక్కి గూడు కట్టవు. నేల మీద, గడ్డి మొదట్లో గుడ్లు పెడతాయి. నేల మీద బతికేవాళ్ళిద్దరూ కాబట్టి వాళ్ళకు మామా కోడళ్ళ వరస కుదిరింది.

ఆకుల్లోంచి నిదానప్ప తల పైకి లేచింది. "నేనే గింజా. నాకు బయమేస్తాంది."

"దేనికి మామా?"

"ఇంత ఆకు నేను పుట్టినకాడ్నుంచి సూళ్ళేదు. ఇది అంటుకుంటే రెక్కలుండేటోళ్ళు ఎగిరిపోతారు. కాళ్ళుండేటోళ్ళు ఉరుకుతారు. నేనేం జెయ్యల్ల? నువ్వైనా గుడ్లు నెత్తిన బెట్టుకోని ఎగరలేవు గదా."

గింజమ్మ తను పెట్టిన గుడ్ల మీద కాస్త గట్టిగా కూర్చుంది.

మరుసటి రోజు నిదానప్ప ఆఫీసుకు బయల్దేరాడు. అప్పుడు కార్తీకమాసం. దారిలో ఎక్కడా ఆగకుండా నడిస్తే ఎనిమిదో రోజుకు చేరాడు.

"ఏమిటి?" అన్నాడు జంబుకరావు తలెత్తకుండా.

"మాఘమాసానికి పిల్లమంట పెట్టుకునేదానికి పర్మిషన్ కావల్ల సార్."

"అంటే అడవిని కాలుస్తావా?"

"అడవి కాలకుండా ఉండేదానికి రోంత కాలుస్తాం సార్."

జంబుకరావు కలం కింద పెట్టాడు. "చూడు నిదానప్పా. కాల్చడమైతే నేరాల ఫారం ఇస్తాను. కాలకుండా కాపాడడమైతే అవార్డుల ఫారం ఇస్తాను. నువ్వు చెప్పేది ఏ ఫారంలోనూ పట్టదు."

"రెండు ఫారాలూ నింపుతా సార్."

ఆ మాట జంబుకరావుకు నచ్చింది. రెండు ఫారాలూ నింపించి, కాలిముద్ర వేయించుకుని, పిల్లమంట పాత పద్ధతి ఏమిటో అడిగి రాసుకున్నాడు. అందులో 'తాబేలు మంట ముందు నడవవలెను' అన్న వాక్యం దగ్గర ఆగి, "బాగుంది, సంప్రదాయబద్ధంగా ఉంది" అని మెచ్చుకుని కింద గీత కూడా గీశాడు. "ఇక అగ్నిమాపక దళం వారి అభ్యంతరం లేదని ఒక కాగితం పట్టుకురా."

కొమ్మరాజు చిటారుకొమ్మన ఉన్నాడు. నిదానప్ప కిందనుంచి మెడ సాచి అరిచాడు.

"సార్, కింద ఆకు శానా పేరుకుపోయింది సార్!"

"నాకిక్కడ పచ్చగానే కనిపిస్తోందే!"

"ఒకపారి దిగి సూడండి సార్."

"దిగితే నేను ఫీల్డ్ స్టాఫ్ అయిపోతాను. అయినా నువ్వు నిప్పు పెడితే నా తొమ్మిదేళ్ళ రికార్డు ఏం కావాలి?"

"పెట్టకపోతే అడవి ఏం గావల్ల సార్?"

"అడవి నా పరిధిలోకి రాదు. రికార్డు వస్తుంది."

చివరికి వ్యవహారం సభకెక్కింది. కణితి దుప్పుల పెద్ద లేచి, నిప్పు అన్న మాట వింటేనే తన మందలో ఆడవాళ్ళకు కాళ్ళు వణుకుతున్నాయన్నాడు. పొగలో తన పింఛం రంగు తేలిపోతుందని నెమలి శిఖామణి బాధపడ్డాడు. కొమ్మరాజు శాలువాలన్నీ తెచ్చి చూపించాడు. అందరూ అరవడంతో పెద్దాయనకు మెలకువ వచ్చింది.

"కమిటీ వేయండి" అని, అటు తిరిగి పడుకున్నాడు.

జంబుకరావు, కొమ్మరాజు, శిఖామణి కమిటీ సభ్యులు. కమిటీ అన్నాక తనిఖీకి వెళ్ళాలి కదా. వెళ్ళారు. అయితే వాలు ఎక్కితే ఆయాసం, ఎండలో నిలబడితే తలనొప్పి. అందుకని వాగొడ్డున నీడలో కూర్చుని, కొరమీను తిని, అక్కడే ఉన్న ఆకొకటి తీసి చూశారు. అది తడిగా ఉంది. 'ఆకులు తడిగా ఉన్నవి. భయపడవలసినది లేదు. అయినను మరింత పరిశీలన అవసరము' అని నివేదిక రాశారు.

ఈలోగా మాఘం వచ్చింది. ప్రతి తెల్లవారీ గడ్డిపోచ గడ్డిపోచకూ మంచుబొట్టు వేలాడుతోంది. గాలి కదలడం లేదు. పిల్లమంటకు అంతకన్నా మంచి పొద్దులుండవు. ఫైలు కమిటీ దగ్గర ఉంది. కమిటీ వాగొడ్డున ఉంది.

నిదానప్ప మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు అడవిపంది మోరప్పను పిలిచాడు.

"మోరప్పా, సున్నపుబండ వాలొక్కటీ కాలుద్దామా?"

మోరప్ప అటూ ఇటూ చూశాడు. "పర్మిషన్?"

"ఆఫీసోళ్ళు తొమ్మిదిదాకా లెయ్యరు. మనకు ఎనిమిదికల్లా అయిపోతాది."

అలా జరిగింది. మోరప్ప బంధువర్గమంతా వచ్చి సున్నపుబండ వాలు చుట్టూ మట్టి గీత తీసింది. నల్ల గద్ద కొరివి తెచ్చి పడేసింది. నిదానప్ప ముందు నడిచాడు. మంట వెనక వచ్చింది. తడిగడ్డిలో చిటపటమంటూ, బుసబుసమంటూ, ఎక్కడా తలెత్తకుండా బుద్ధిగా వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత వీపు మీద ఆ వెచ్చదనం తగిలేసరికి నిదానప్పకు ఏడుపొచ్చింది. నాన్న వెనకాలే వస్తున్నట్టనిపించింది. ఒక్కసారి కూడా "చాలప్పా" అనాల్సిన అవసరం రాలేదు.

ఆ వాలు మీద పొగ ఆఫీసుదాకా కనిపించింది. శిఖామణి దాన్ని చూసి, 'మాఘమాసపు పొగమంచు అందాలు' అని బులెటిన్‌లో వేశాడు.

పక్షం తిరక్కుండానే నల్లటి నేలలోంచి పచ్చటి మొలక లేచింది. గింజమ్మ కాపురం అక్కడికి మార్చేసింది. ఎండలు ముదిరేవేళకు అక్కడే ఏడు గుడ్లు పెట్టుకుంది. మిగిలిన వాలులన్నింటి మీదా ఆకు అలాగే ఉంది. నిదానప్ప ఫైలు గురించి ఆశ వదిలేసుకుని, వానలెప్పుడొస్తాయా అని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు, రోహిణి కార్తెలో, పెద్దాయనకు కోపం వచ్చింది.

పక్క అడవి ప్రెసిడెంటు ఎక్కడో సభలో కలిసి, "మేం ఈ ఏడు శాస్త్రీయంగా పిల్లమంట పెట్టాం, మాకు ప్రశంసాపత్రం వచ్చింది, మరి మీరో?" అని అడిగాడట. పెద్దాయన ఆ రోజు పడుకోలేదు. ఆఫీసుకు వచ్చి ఒక్క గాండ్రింపు గాండ్రించాడు.

"మనకెందుకు లేదు పిల్లమంట?"

ఏడు నెలలు కదలని ఫైలు ఆ మధ్యాహ్నమే ముగ్గురి సంతకాలూ చేయించుకుంది. తడిగా ఉన్న ఆకులు నివేదికలో 'ప్రమాదకరంగా ఎండిన ఆకులు'గా మారాయి. 'నిప్పులేని అడవి' బోర్డుల వెనకవైపున 'నిప్పు మన నేస్తం' అని రాయించారు. జంబుకరావు స్వయంగా ఉత్తర్వు పట్టుకుని నిదానప్ప దగ్గరకు వచ్చాడు.

"నీ దరఖాస్తు మంజూరైంది. అభినందనలు! ఈ నెల ఇరవై ఎనిమిది, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, పెద్దబయలులో, ప్రెసిడెంటు గారి అమృతహస్తాలతో పిల్లమంట."

నిదానప్ప ఉత్తర్వు వైపు మెడ సాచాడు. "సార్, నేనడిగింది మాఘంలో పెట్టేదానికి."

"నువ్వడిగింది మంట. ఇచ్చింది మంట."

"రోహిణిలో రోళ్ళు పగుల్తాయి సార్. ఈ ఎండకు, ఈ గాలికి, ఈ ఆకుకు అది పిల్లమంట కాదు. వానలు పోయి, చలి వచ్చి, మళ్ళ మాఘం రానీండి. అంతదాకా ఆగండి సార్, మీ కాళ్ళు మొక్కుతా."

"వచ్చే మాఘానికి పక్క అడవి వాళ్ళు రెండోది పెట్టేస్తారు." జంబుకరావు ఉత్తర్వులో ఒక గీత మీద గోరు పెట్టాడు. "ఇదిగో, 'తాబేలు మంట ముందు నడవవలెను.' నీ పద్ధతిని అక్షరం పోకుండా పాటిస్తున్నాం. నీకు దండ కూడా చెప్పాం."

"మంట నన్ను అందుకుంటే ఆపల్ల సార్. నేనుండేది దానికే."

"ఆపడం గురించి ఉత్తర్వులో లేదు. నడవడం ఉంది."

"నడవకపోతే?"

"విధి నిర్వహణలో నిర్లక్ష్యం."

"నడిస్తే?"

"నడిస్తే శాలువా" అన్నాడు జంబుకరావు ప్రేమగా. "ఒకవేళ నువ్వు లేకపోతే మీ వాళ్ళకిస్తాం."

అతను వెళ్ళిపోయాక నిదానప్ప తలా కాళ్ళూ లోపలికి లాక్కున్నాడు. గింజమ్మ వచ్చి డిప్ప మీద ముక్కుతో పొడిచినా బయటికి రాలేదు. పాపం, అతను అడిగింది ప్రాణం కోసం. వాళ్ళిచ్చింది చావుకు ముహూర్తం. అదీ అతని కాలిముద్రతోనే.

కాసేపటికి తల మెల్లగా బయటికొచ్చింది.

"గింజా, ఆ కాయితం ఒకపారి మళ్ళ సదువు."

"'తాబేలు మంట ముందు నడవవలెను.' అంతే మామా."

"ఎంత ముందో రాసినారా?"

గింజమ్మ కాగితం తిప్పి చూసింది, వెనక్కి తిప్పి చూసింది. "ల్యా మామా."

"అయితే ఇప్పుడే బయల్దేరతాండా" అన్నాడు నిదానప్ప.

ఇరవై ఎనిమిదికి ఇంకా మూడు రోజులుంది. అతను సున్నపుబండ వాలు వైపు నడక మొదలుపెట్టాడు. దారిలో కనిపించిన వాళ్ళకల్లా చెప్పాడు. "రాండప్పా, నాతో రాండి. ఆడ నిప్పుకు తినేదానికేం ల్యా." నత్తలు వచ్చాయి. ఊసరవెల్లి వచ్చింది. ఒళ్ళంతా పొలుసులున్న అలుగు, బిడ్డను తోక మీద కూర్చోబెట్టుకుని వచ్చింది. గుడ్డిదైన ఒక ముసలి జెర్రిపోతు వాసన పట్టుకుని వచ్చింది. నడక చేతకాని వాళ్ళందరూ ఊరేగింపుగా బయల్దేరారు. ఆ ఊరేగింపును చూసి కణితుల మంద నవ్వుకుంది.

"మాకు కాళ్ళున్నాయిలే తాతా!"

"ఉండనీ నాయనా" అని నిదానప్ప ముందుకు సాగాడు.

ఇరవై ఎనిమిదో తేదీ పన్నెండు గంటల కార్యక్రమానికి పెద్దాయన ఒంటిగంటన్నరకు వచ్చాడు. పెద్దబయలులో పందిరి వేశారు. అది ఎండుగడ్డితో వేశారు. కొమ్మరాజు తొమ్మిది శాలువాలూ తోరణాల్లా కట్టించాడు. అగ్నిమాపక దళం బక్కెట్లతో బారులు తీరింది. బక్కెట్ల మీద దళం పేరు ఆ ఉదయమే కొత్తగా రాశారు. తడి రంగు చెదిరిపోతుందని నీళ్ళు పోయలేదు.

"తాబేలేది?" అన్నాడు పెద్దాయన.

జంబుకరావు అటూ ఇటూ వెతికించాడు. అంతలో గింజమ్మ ఎగురుకుంటూ వచ్చి వాలింది.

"మామ ముందే ఉండాడు సార్. నాలుగు ఫర్లాంగులు ముందు. కాయితంలో రాసినట్టే."

జంబుకరావు ఉత్తర్వు తీసి చదువుకున్నాడు. ఒకటికి రెండుసార్లు చదువుకుని, "నిబంధన ప్రకారం సరిపోయింది" అని ఊపిరి పీల్చుకున్నాడు. దండ పక్కన పెట్టేశారు.

శిఖామణి ఉపన్యాసం మొదలైంది. అది గంటసేపు సాగింది. ఆ గంటలో పడమటి గాలి లేచింది. ఆకులు బయలంతా పరుగులు పెట్టాయి. నల్ల గద్ద కొరివి తేనని మొండికేసి ఎటో పోయింది గనక, కొమ్మరాజే పశువుల కాపర్ల పొయ్యిలోని నిప్పును పుల్లకంటించి తెచ్చి పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన ఆవులిస్తూ దాన్ని గడ్డిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు సగంలో ఆగిపోయాయి. తొమ్మిదేళ్ళ ఆకు అంటుకోవడానికి తొమ్మిది నిమిషాలు కూడా పట్టలేదు. ముందు చిటపటమంది. ఆ వెంటనే హోరుమంది. పందిరి భగ్గుమంది. శాలువాలు ఒకదాని వెంట ఒకటి అంటుకుని, కొమ్మల్లోకి దారి చూపించాయి.

"పూర్తిగా మన అదుపులో ఉన్న ఈ మంట…" అంటున్న శిఖామణి తోక చివర కాలింది. అతను మిగతా వాక్యం గాల్లో పూర్తి చేశాడు.

"ఆర్పండి!" అని గాండ్రించాడు పెద్దాయన.

కొమ్మరాజు దళం ఖాళీ బక్కెట్ల వైపు చూసింది. తొమ్మిదేళ్ళుగా మంటను ఆర్పలేదని గర్వపడ్డ దళం, పదో ఏడు కూడా ఆ పేరు నిలబెట్టుకుంది. బక్కెట్లు పడేసి పరుగు లంకించుకుంది. అందరూ పరుగే. ఎటు పోయినా ఆకే. ఎటు పోయినా వెనక మంట, ఒక్కోసారి ముందు కూడా మంట.

అప్పటికి నిదానప్ప సున్నపుబండ వాలుకు ఇంకా అరవై అడుగుల దూరంలో ఉన్నాడు. మూడు రోజుల్లో ఎప్పుడో చేరాల్సినవాడు. కానీ నత్తలు వెనకబడితే ఆగాడు, జెర్రిపోతు దారి తప్పితే ఆగాడు. వాళ్ళనందరినీ గీత దాటించి, తను చివరగా మిగిలాడు. వెనక ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. డిప్ప వేడెక్కింది. ఈసారిది నాన్న వెచ్చదనం కాదు.

"చాలప్పా!" అని అరిచాడు నిదానప్ప అలవాటు కొద్దీ. మంట వినిపించుకోలేదు.

నలభై అడుగులు. ముప్పై. కణితులు అతని మీదుగా దూకి పోతున్నాయి. పొగకు కళ్ళు కనిపించడం లేదు. ఇక నా వల్ల కాదు అనుకుని కాళ్ళు లోపలికి లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడు పక్కనుంచి మోరప్ప వచ్చి, మోర కిందపెట్టి ఒక్క తోపు తోశాడు. నిదానప్ప పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేగంగా ప్రయాణించాడు. గుండ్రాయిలా దొర్లి, మట్టి గీత దాటి, పచ్చికలో వెల్లకిలా పడ్డాడు.

మంట గీతదాకా వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. తినడానికేమీ లేదు. రెండుగా చీలి, వాలుకు అటొక పాయా ఇటొక పాయా సాగిపోయింది.

ప్రాణాలతో మిగిలినవాళ్ళంతా ఆ వాలు మీదే ఉన్నారు. పెద్దాయన పక్కన కణితి నిలబడి రొప్పుతోంది. జంబుకరావు పక్కన అడవికోడి. ఎవరికీ ఎవరినీ తినాలన్న ఆలోచన కూడా రాలేదు. గింజమ్మ రెక్కలు పరిచి గుడ్ల మీద నిలబడి అరుస్తోంది.

"యో పెద్దాయనా! సూసుకోని కాలు బెట్టు! ఈడ గుడ్లుండాయి!"

పెద్దపులి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేశాడు.

పొద్దు వాలేవేళకు మంట కొండల అవతలికి పోయింది. మద్దిచెట్టు లేదు, ఆఫీసు లేదు. కంటికి అందినంత మేర నలుపే. కణితుల మందలో ఇద్దరు ముసలివాళ్ళు రాలేదు. పుట్టల్లో, తొర్రల్లో ఉండిపోయినవాళ్ళు ఎందరో ఎవరికీ తెలియదు. మోరప్ప తిప్పి నిలబెడితే, నిదానప్ప అటు చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. వీళ్ళను మాఘంలోనే ఎదిరించి ఇంకో రెండు వాలులు కాల్చి ఉంటే బాగుండేదే అని గుండె బాదుకున్నాడు.

జంబుకరావు మాత్రం కిందకు చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం. ఇక్కడ ఆకులెందుకు లేవు?"

"మాఘంలో కాల్చినాం సార్" అన్నాడు నిదానప్ప కళ్ళు తుడుచుకుంటూ.

"అనుమతి ఉందా?"

"ల్యా సార్."

జంబుకరావు చాలా బాధగా తల ఊపాడు. "అంటే, మనమందరం ఇప్పుడు ఒక అక్రమ స్థలంలో నిలబడి ఉన్నామన్నమాట."

శిఖామణి ఉలిక్కిపడి ఒక కాలు గీత అవతల పెట్టాడు. బూడిద ఇంకా కణకణలాడుతోంది. కాలు గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"అంత కష్టంగా ఉంటే దిగిపోండి సార్, వద్దనేదెవరు?" అంది గింజమ్మ.

ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. అక్కడే, ఆ అక్రమ స్థలం మీదే, అత్యవసర సమావేశం జరిగింది. మొదటి తీర్మానం: ఒక్క వాలు కాల్చాలన్నది లక్ష్యం కాగా, ఒక్కటి తప్ప అన్ని వాలులూ కాల్చి అడవి రికార్డు సృష్టించింది. పక్క అడవికి ఇది సాధ్యం కాదు. కొమ్మరాజుకు పదో శాలువా. రెండో తీర్మానం: అనుమతి లేకుండా మిగిలిపోయిన ఈ వాలు విషయంలో నిదానప్పకు నోటీసు.

"మరి మంట అదుపు తప్పడానికి కారణం ఏం రాద్దాం?" అన్నాడు పెద్దాయన. ఆయనకు నిద్ర ముంచుకొస్తోంది.

కమిటీ పక్కకు వెళ్ళి గుసగుసలాడింది. ఎక్కువసేపు పట్టలేదు.

"నిబంధన ప్రకారం తాబేలు ముందు, మంట వెనక ఉండాలి" అన్నాడు జంబుకరావు. "మంట తాబేలును అందుకుంది. ఆ పంది తోయకపోతే దాటిపోయేది కూడా. కాబట్టి లోపం తాబేలు వేగంలో ఉంది. ఈ ఉద్యోగం నుంచి నిదానప్పను తొలగించి, ఇకపై మంట ముందు కుందేలు నడిచేటట్టు నిబంధన సవరిస్తున్నాం. అవసరమైతే ముందుముందు కణితిని కూడా నియమించుకోవచ్చు."

నిదానప్పకు ఏడుపు ఆగిపోయింది. "సార్, కుందేలును కూడా తరిమే మంటంటే, అదెంత మంట సార్?"

"పెద్దదే" అన్నాడు జంబుకరావు ఓపిగ్గా. "అందుకేగా కుందేలును పెడుతున్నాం."

అందరూ చేతులెత్తారు. కుందేలు కూడా ఎత్తింది. తనకు ఉద్యోగం వచ్చిందన్న సంతోషం దానిది.

నీతి: మంట అదుపు తప్పితే మంటను మార్చనక్కర్లేదు, తాబేలును మారిస్తే చాలు.